46 కిలోమీటర్ల రోడ్డు, 84 ఊళ్ల నీళ్లు

షాబాద్ అనగానే చాలామందికి ఇంట్లో పరిచిన బండలే గుర్తొస్తాయి. ఆ బండలకు పేరిచ్చిన షాబాద్ కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది. మనం ఇక్కడ చెప్పుకునేది రంగారెడ్డి జిల్లా షాబాద్ గురించి, దాని పొరుగు మండలాలైన చేవెళ్ల, మొయినాబాద్ గురించి. ఈ మూడింటినీ మ్యాపులో కలిపి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఇక్కడ పెద్ద రోడ్డు, వాగులు ఒకే దిక్కుకు, తూర్పున ఉన్న హైదరాబాద్ వైపే సాగుతాయి. రోడ్డు మనుషుల్ని, కూరగాయల్ని మోస్తుంది. వాగులు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే జంట జలాశయాలను నింపుతాయి. అందుకే ఈ నేల మీద వేసే రోడ్డు లెక్కను, పారే నీటి లెక్కను విడదీసి చూడలేం.

రెండు పట్టాల నడుమ

ఉత్తరాన శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్, వాడి వైపు వెళ్లే రైలు మార్గం ఉంది. దక్షిణాన షాద్‌నగర్ మీదుగా కర్నూలు వైపు మరో మార్గం ఉంది. నడుమ ఉన్న ఈ మూడు మండల కేంద్రాల్లో ఒక్కదానికీ రైల్వే స్టేషన్ లేదు. ఊరు దాటాలంటే రోడ్డే గతి.

ఆ రోడ్లలో పెద్దది 163వ జాతీయ రహదారి. కొడంగల్ నుంచి మన్నెగూడ, చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా హైదరాబాద్, వరంగల్ దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం వరకు దాదాపు 474 కిలోమీటర్లు సాగుతుంది. జనం నోట మాత్రం అది ఇప్పటికీ బీజాపూర్ రోడ్డే. షాబాద్ ఈ రోడ్డు మీద లేదు. అటు బీజాపూర్ రోడ్డుకు, ఇటు బెంగళూరు హైవేకు మధ్యలో ఉంది. చేవెళ్లకు వెళ్లినా, షాద్‌నగర్, శంషాబాద్ చేరినా చిన్న రోడ్లే దిక్కు. షాబాద్ మండలంలోని చందనవెల్లిలో పారిశ్రామికవాడ, డేటా సెంటర్లు వచ్చాక ఆ రోడ్ల మీదే భారీ లారీలు కూడా నడుస్తున్నాయి.

46 కిలోమీటర్లు, 915 మర్రిచెట్లు

అప్పా జంక్షన్ దగ్గర 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు బీజాపూర్ రోడ్డును కలుస్తుంది. అక్కడి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. తాండూరు నాపరాళ్లు, సిమెంటు, కంకర, చేవెళ్ల టమాటాలు, పూలు, కాలేజీ పిల్లలు, చిలుకూరు బాలాజీ భక్తులు అందరికీ ఇదే దారి. ఎదురెదురు వాహనాల మధ్య డివైడర్ లేని రెండు వరుసల దారి.

2022 ఏప్రిల్‌లో దీన్ని నాలుగు వరుసలు చేసే పనికి శంకుస్థాపన జరిగింది. దారి పొడవునా ఉన్న సుమారు 915 మర్రిచెట్ల సంగతి జాతీయ హరిత ట్రైబ్యునల్ ముందుకు వెళ్లింది, పని ఏళ్ల తరబడి సాగలేదు. 2025 అక్టోబర్ చివర్లో ఆ అడ్డంకి తొలగింది. కొన్ని రోజులకే, నవంబర్ 3 ఉదయం, మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఎదురెదురుగా ఢీకొని 19 మంది చనిపోయారు.

చెట్లు మనుషుల్ని చంపాయన్న మాట ఆ తర్వాత వినిపించింది. ఆ మాట సరికాదు. ఎదురు వచ్చే వాహనాన్ని వేరు చేసే అడ్డు లేకపోవడమే ఇలాంటి రోడ్డుకు అసలు ప్రమాదం. పాత రోడ్డును చెట్లతో సహా ఒక దిక్కుకు ఉంచి, రెండో దిక్కుకు పక్కన కొత్త రోడ్డు వేస్తే, ఆ మర్రిచెట్లే నడుమ అడ్డుగా నిలుస్తాయి. చోటు దొరికిన ప్రతిచోటా చేయాల్సింది ఇదే.

6.87 టీఎంసీలు

ఇక నీటి లెక్క. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఈ ప్రాంతం మీదుగా ఉస్మాన్‌సాగర్‌కు చేరుతుంది. ఈసీ నది హిమాయత్‌సాగర్‌కు చేరుతుంది. 1908 వరదల తర్వాత నగరాన్ని కాపాడేందుకు కట్టిన ఈ జలాశయాల్లో మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఒకదాని సామర్థ్యం 3.9 టీఎంసీలు, రెండోదానిది 2.97. కలిపితే 6.87 టీఎంసీలు, అంటే దాదాపు 19,450 కోట్ల లీటర్లు.

ఆ నీటి కోసమే 1996 మార్చి 8న 111వ నంబరు జీవో వచ్చింది. షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ సహా పలు మండలాల్లోని 84 గ్రామాల్లో, సుమారు 1.32 లక్షల ఎకరాల్లో కాలుష్య పరిశ్రమలకు, పెద్ద నిర్మాణాలకు హద్దు గీసింది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. కాగితం మీద హద్దు చెరిగినా నేల వాలు మారదు. ఇక్కడ కురిసిన వాన ఆ రెండు చెరువులకే పోవాలి.

నగరానికి నీళ్లు పంపే ఈ నేల, తన పొలాలకు మాత్రం గోదావరి కోసం ఎదురుచూసింది. 2008లో మొదలైన ప్రాణహిత-చేవెళ్ల పథకం పేరులోనే ఈ ఊరుంది. 2016లో ఆ పథకం రూపం మారి కాళేశ్వరం అయింది. ఆ నీళ్లు చేవెళ్ల దాకా రాలేదు.

రోడ్డు వేసేటప్పుడు

ఈ ప్రాంతానికి మంచి రోడ్డు కావాలి, త్వరగా కావాలి. బీజాపూర్ రోడ్డుతో పాటు షాబాద్‌ను చేవెళ్లకు, షాద్‌నగర్‌కు కలిపే అడ్డరోడ్లూ బాగుపడాలి. అయితే కట్ట పోసిన ప్రతిచోటా వాగుకు, వంకకు సరిపడా కల్వర్టు ఉండాలి. మట్టి పోసి పూడ్చిన ఒక్కో వంకతో జలాశయానికి చేరాల్సిన నీరు తగ్గుతుంది, వానకు ఊళ్లోకి చేరే నీరు పెరుగుతుంది. మీ ఊరి దగ్గర రోడ్డు పని మొదలైతే ఎన్ని వరుసలు వేస్తున్నారని అడగండి. దాంతో పాటు ఎన్ని తూములు వదిలారు, ఎన్ని చెట్లు నిలిపారు అని కూడా అడగండి.