కృత్రిమమేధయు వ్యంగ్యహాస్యములును

కృత్రిమమేధ తెలుఁగునఁ గథలు వ్రాయుచున్నది. వ్యంగ్యహాస్యములను సైతము నేర్వఁగలదా యనునది విచారణీయము. హైదరాబాదున ‘స్వేచ్ఛ’ యను సంస్థవారు వేలకొలఁది విద్యార్థుల సాయమున జానపదకథల పుటలు 40,000 మేర సేకరించి, 2024 నాఁటికి ‘చందమామ కథలు’ అను పేర నొక తెలుఁగు భాషాయంత్రమును నిర్మించిరి. ఇట్టి యంత్రములు చదువు విధము సులభమైనదే. ఏ పదము వెనుక నేది వచ్చుట కవకాశ మెక్కువయో లెక్కించి నేర్చుకొనును. శాస్త్రపరిభాషలోఁ జెప్పవలెనన్న, వానికి మొదట నబ్బునది ఆకాంక్ష.

హాస్యమో, ఆకాంక్షాభంగమునఁ బుట్టును. అనౌచిత్యమే హాస్యమునకు మూలమని అభినవగుప్తుఁడు. అరుదైన పదమునే యేఱుమని యంత్రమును సవరింపవచ్చును గాని, అట్లు వచ్చునది తఱచుగా నసంబద్ధప్రలాపము. ఔచిత్య మెఱిఁగినవాఁడు తెలిసి తప్పినప్పుడే నవ్వు; తెలియక తప్పిన యంత్రమును జూచి నవ్వుట వేఱు సంగతి.

వ్యంగ్యమునఁ గొంత యాశ గలదు. సూర్యుఁ డస్తమించెనను నొక్క వాక్యమే గోపాలునకుఁ బసుల మరలింపుమనియు, వర్తకునకు సరకు సర్దుమనియు, అభిసారికకు బయలుదేరుమనియు స్ఫురింపఁజేయునని మమ్మటుఁడు చూపినాఁడు. ఎవ్వ రెవ్వరితోఁ బలికిరో చెప్పినచో నేఁటి యంత్రము లర్థమును పెక్కుసారులు సరిగానే పట్టుచున్నవి. ఇది తక్కువ మాట గాదు.

చిక్కు రచనయందుఁ గలదు. సాయంకాల మింటికి వచ్చిన చుట్టముతో గృహస్థుఁడు “కాఫీ త్రాగియే వచ్చి యుందురు గదా!” అనెననుకొందము. తెలుఁగువాని కంతతోఁ జాలును. యంత్రమో, “అని యాతఁడు పిసినాఱితనముతోఁ బలికెను” అని చేర్చును. గుణీభూతవ్యంగ్యమున ‘అగూఢ’ మనఁబడు భేద మిదియే. బట్టబయలైన వ్యంగ్యము వాచ్యముతో సమానము. దీనికిఁ గారణము లేకపోలేదు. మొదటి చదువైన పిమ్మట మనుష్యులు దాని యుత్తరములను బరీక్షించి, స్పష్టముగా నున్నవానికే యెక్కువ మార్కు లిత్తురు. వ్యాఖ్యాతకుఁ దగిన యీ శిక్షణమే కవికిఁ జెఱుపు. ప్రశంసించు విధమును మార్చినచో నీ దోషము తగ్గవచ్చును.

అంతకంటెఁ గష్టమైనది కాకువు. పై మాటలో ‘గదా’ యనునది యే స్వరమునఁ బలుకఁబడెనో లిపి చెప్పదు. బషీర్‌బాగునకుఁ జేరువ నున్న చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నష్టావధానములు జరుగుచుండును. అందు అప్రస్తుతప్రసంగి ధారణ చెఱుపఁ గోరి యేదో యడుగును. అవధాని పద్యము విడువకయే తడుముకొనక బదులీయవలెను. ఆ బదులు ప్రశ్నకే కాదు, ప్రాశ్నికుని వయస్సునకు, వృత్తికి, ముందటి వరుసలోని పెద్దలకు సైతము తగులును. తరువాత నచ్చుపడునవి ప్రాయికముగాఁ బద్యములు. దత్తపదికిఁ బుటలు దొరకును. అప్రస్తుతప్రసంగమునకు దొరకునవి తక్కువ. పుటల నాధారముగాఁ గొనిన యంత్రమున కీ పాఠము చెప్పినవారు లేరు. కంఠస్వరములతోను సభలోని నవ్వుతోను నీ ప్రసంగములను భద్రపఱచిననే గాని పరీక్ష యనునది మొదలుకాఁజాలదు.