దుఃఖించు ఇంటికి వెళ్లినప్పుడు

ఈ నెల మనస్సుకు తగిలే గాయమును గూర్చి ఆలోచించుదము.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కోదాడ ప్రాంతములో కుండపోత వర్షము కురిసింది. వాగులు పొంగి ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలములో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. నీళ్లు తగ్గినా, మబ్బు పట్టినప్పుడెల్లా గుండె దడదడలాడేవారు ఉంటారు. సూర్యాపేట మీదుగా పోవు 65వ జాతీయ రహదారిపై ఆప్తుని పోగొట్టుకున్నవారు, మిర్యాలగూడ పల్లెల్లో అప్పుల భారముతో రైతు ప్రాణము తీసుకున్న ఇంటివారు కూడా ఇట్టి గాయమునే మోయుచుందురు. నిద్ర పట్టదు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, ఊరకనే కోపము. ఇది పిచ్చి కాదు, అవిశ్వాసమూ కాదు.

మన పల్లెల్లో దీనికి పాత ఓదార్పు ఉన్నది. చావు ఇంట పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగువారే అన్నము తెచ్చి, బతిమాలి రెండు ముద్దలు తినిపిస్తారు. ఆడవారు ఒకరి మెడ ఒకరు పట్టుకొని, పోయినవాని పనిపాటలు తలచుకొంటూ శోకాలు పెడతారు. కొందరు దీనిని మోటుతనమనుకొంటారు. కానీ ఇందులో మూడు మేళ్లున్నవి: మనిషి ఒంటరి కాడు, దేహానికి తిండి అందును, గొంతులో ఆగిన దుఃఖానికి మాట దొరకును. నేటి సామాజిక కార్యకర్తలు నేర్చుకొనేదీ ఇదే.

అయితే పదకొండో దినము దాటగానే అందరూ వెళ్లిపోతారు. ఆత్మహత్య జరిగిన ఇంట పరామర్శ కాస్తా విచారణ అవుతుంది. భార్యనే నిందిస్తారు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మౌనముగా కూర్చున్నంతవరకు అతనికి తోడుగా ఉన్నారు. నోరు తెరచి తప్పు వెదకినప్పుడు భారమయ్యారు. కాబట్టి "ఏమి తప్పు చేశావు?" అనక, "నీకేమి కష్టము వచ్చినది?" అని అడుగుడి. చెప్పనిష్టము లేకపోతే బలవంతము చేయకుడి.

సంఘస్థులారా, దినము అయిన తరువాత మూడు నెలలైనా వంతుల ప్రకారము ఆ గడప తొక్కుడి. బియ్యము తీసుకుపొండి, ఆఫీసు కాగితాలకు తోడు వెళ్లుడి. వారాల తరబడి నిద్ర లేనివారిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లుడి. ప్రార్థన చేయుచున్నామని మందులు మాన్పించకుడి. చావు మాట ఎత్తినవారిని ఒంటరిగా విడువక, 2022లో ప్రారంభమైన టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోను చేయించుడి. అది ఉచితము, రాత్రింబగళ్లు పనిచేయును. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి, శిక్షింపక ఆదరించవలెనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది.

చట్టమే ఇంత కనికరము చూపగా, మనము ఎంత చూపవలెను? ఈ వారము మీరు వెళ్లవలసిన ఇల్లు ఏది?