జుట్టు నలుపుచేయు చీనా తీగె వేరు

తల నెరసినదన్న చింత మన స్త్రీలకే పరిమితము కాదు. మనయిండ్లలో గుంటగలగరాకు తైలము కాచుకొనునట్లే, చీనాదేశమున నొక తీగె వేరును వేయేండ్లకు పైగా కేశములకై సేవించుచున్నారు. దానిపేరు హెషౌవూ. 'హె' యనునది యింటిపేరు. 'షౌ' యన తల. 'వూ' యన నలుపు.

ఈ పేరునకొక కథ గలదు. తాంగ్ రాజుల కాలపు రచయిత లీ ఆవ్ దీనిని వ్రాసెనందురు. హె వంశమువాడొకడు 58 ఏండ్లు వచ్చినను సంతానము లేక యుండెను. ఒకనాడు త్రాగి కొండపై పడియుండగా, ఎడముగానున్న రెండు తీగెలు రాత్రివేళ పెనవేసికొని మరల విడిపోవుట చూచెనట! ఆ వేరు త్రవ్వి పొడిచేసి సేవింపగా బిడ్డలు కలిగిరట. వాని మనుమడు 130 ఏండ్లు బ్రతికియు నల్లని జుట్టుతోనే యుండెనట. నిజానిజముల మాట యటుండనిండు. ఆ తీగె కాడను నేటికిని 'రాత్రి పెనవేసికొను తీగె' యని పిలిచి, నిద్రపట్టనివారి కిత్తురు.

పచ్చివేరు విరేచనకారి. కావున దానిని నల్ల సోయాగింజల కషాయముతో కలిపి, గంటలకొలది ఆవిరిపై నుడికించి యెండబెట్టుదురు. పూర్వులు తొమ్మిదిమార్లు చేసెడివారట. ఎఱ్ఱని ముక్కలు కాటుకవలె నల్లనగును. మన వైద్యులు వసనాభిని పాలతో శుద్ధిచేయుటయు నిట్టిదే.

అయినను, శుద్ధిచేసిన వేరు తిన్నవారికిని కాలేయము వాచి కామెరలు వచ్చిన యుదంతములు పెక్కులు. మానివేసినపిమ్మట పలువురు కోలుకొనిరి; కొందరు ప్రాణములే కోల్పోయిరి. 2006లో బ్రిటిషు ఔషధశాఖవారు హెచ్చరించిరి. 2014లో చీనా ప్రభుత్వమే ఆరోగ్యాహారములలో దినమునకు పచ్చివేరు 1.5 గ్రాములు, శుద్ధిచేసినది 3 గ్రాములు మించరాదని కట్టడి చేసెను. పుట్టుకతో నొక విశేష జన్యువు గలవారికి ముప్పు హెచ్చని 2019లో చీనా పరిశోధకులు ప్రకటించిరి. ఒకే పొడిని తోడికోడండ్రిద్దరు తిన్నను, ఒకరికేమియు గాక మరియొకరు మంచమెక్కుట కిదియొక కారణము. ఇంతచేసియు నెరసినజుట్టు నల్లబడునని మనుష్యులలో గట్టి నిదర్శనము దొరకలేదు!

సోదరీమణులారా, ఈ వేరు నేడు పొడిగను, మాత్రలుగను, 'ఫోటీ' యను మాఱుపేరుతోను దేశదేశముల నమ్ముడగుచున్నది. కేశౌషధము కొనునపుడు పొట్లముపై నీ పేళ్లున్నవేమో చూడుడు. తినుచుండగా ఆకలి మందగించినను, మూత్రము ముదురుపసుపైనను, కన్నులు పచ్చబడినను వెంటనే మాని, ఆ పొట్లముతో వైద్యునికడ కేగవలెను.