గుండె కుడివైపు వినిపిస్తే...

బిడ్డ పుట్టింది. ఏడుపు సరిగా లేదు, ఒళ్లు నీలంగా మారుతోంది. పొట్ట లోపలికి పోయి, ఛాతీ ఉబ్బుగా ఉంది. డాక్టరు స్టెతస్కోపు ఎడమవైపు పెడితే గుండెచప్పుడు అందలేదు. కుడివైపు వినిపించింది! ఇలాంటప్పుడు అసలు లోపం గుండెలో కాదు, దానికింద ఉండే పల్చటి కండరంలో ఉండొచ్చు.

గోదావరిఖనిలో బాయి పనికి పోయే ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు, భూమిలోపల గాలి విలువేంటో. మంచిగాలి లోపలికెళ్లే దారి వేరు, వాడినగాలి బయటికొచ్చే దారి వేరు. రెండూ కలవకుండా మధ్యలో గోడలు కడతారు. గోడకు చిల్లుపడితే గాలి దగ్గరిదారిన మళ్లిపోతుంది. అవతల పనిచేసేవాళ్లకు ఊపిరాడదు.

మన ఒంట్లోనూ అలాంటి గోడ ఉంది. ఛాతీనీ పొట్టనీ వేరుచేసే ఉదరవితానం అది. గర్భంలో మూడోనెల పూర్తయ్యేలోపే మూసుకోవాలి. సుమారు మూడువేల మంది శిశువుల్లో ఒకరికి అది పూర్తిగా మూసుకోదు, ఎక్కువగా ఎడమవైపు. ఆ కంతలోంచి పేగులూ జీర్ణాశయం, ఒక్కోసారి కాలేయమూ పైకి ఎక్కేస్తాయి. ఊపిరితిత్తులు ఎదగవు, గుండె కుడివైపు జరిగిపోతుంది.

గుండె జరిగితే ఏమవుతుంది? మాయ నుంచి వచ్చే రక్తంలో కొంత, పైగదుల మధ్య ఉండే చిన్న ద్వారం గుండా ఎడమవైపు చేరాలి. ఆ ప్రవాహం దారి తప్పుతుంది. చిన్నబోయిన ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తమూ తక్కువే. రక్తం నిండితేనే గది పెరుగుతుంది కదా! అందుకే ఎడమ జఠరిక చిన్నగా ఉండిపోతుందని వైద్యుల అంచనా. పుట్టాక ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని కుడి గుండెపైనా భారం పడుతుంది. వీటికితోడు ఇలాంటి పిల్లల్లో నూటికి పది, పదిహేనుమందికి గుండెలో రంధ్రాల్లాంటి లోపాలూ ఉంటాయి.

ఊరటనిచ్చే సంగతేంటంటే... రక్తప్రవాహం కుదుటపడ్డాక చాలామందిలో ఆ చిన్నగది మళ్లీ ఎదుగుతుంది.

ఒకప్పుడు పుట్టగానే హడావుడిగా ఆపరేషన్ చేసేవారు. ఇప్పుడు ముందు శ్వాసనీ రక్తపోటునీ నిలబెట్టి, ఆ తర్వాతే కంతను మూస్తున్నారు. ఇలాంటి బిడ్డకు మాస్కుతో గాలి కొట్టకూడదు. అది పేగుల్లోకి పోయి ఊపిరితిత్తుల్ని మరింత నొక్కేస్తుంది. శ్వాసనాళంలోకి గొట్టం వేయాలి, జీర్ణాశయంలోని గాలిని మరో గొట్టంతో తీసేయాలి. లోపం తీవ్రంగా ఉంటే గర్భంలోనే శ్వాసనాళంలో చిన్న బెలూన్ అమర్చే పద్ధతీ ఉంది. 2021లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో బతికి ఇంటికెళ్లిన పిల్లలు ఈ పద్ధతిలో 40 శాతం, అది లేకుండా 15 శాతం.

గోదావరిఖని నుంచి హైదరాబాద్‌కు రెండొందల కిలోమీటర్లకు పైనే. పుట్టాక ఆ దారంతా ప్రాణగండమే. బిడ్డకు అమ్మ కడుపును మించిన అంబులెన్సు లేదు! అందుకే 18 నుంచి 20 వారాల మధ్య చేసే స్కానింగ్ తప్పించుకోకూడదు. అనుమానం వస్తే పిండం గుండెకు ఎకో తీయించాలి. పిల్లల సర్జనూ, పసికందుల ఐసీయూ ఉన్నచోటే కాన్పు ఏర్పాటు చేసుకోవాలి.

మరో మాట. గ్రహణం నాడు బయటికొచ్చిందనో, బరువులెత్తిందనో తల్లిని నిందించొద్దు. చాలామందిలో దీనికి కారణమే తెలియదు. ఆ సమయంలో ఆమెకు కావాల్సింది దెప్పిపొడుపు కాదు, స్కానింగ్‌కు తోడొచ్చే మనిషి.