వైరు లేని ఇయర్‌ఫోన్: కొనే ముందు డబ్బా చదవాలి

పలాస - కాశీబుగ్గ. శ్రీకాకుళం జిల్లాలో జీడిపప్పుకు పేరుపడ్డ ఊరు. ఉద్దానం తోటల్లో పండిన జీడిపిక్కలు ఇక్కడి కార్ఖానాలకు వస్తాయి. పిక్కలు కోస్తారు. పప్పు తీస్తారు. పొర వలుస్తారు. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే.

ఆ పనికి వెళ్లే ఒక కోడలు ఉంది. ఆమె భర్త చెన్నైలో తాపీ పని చేస్తాడు. పని మధ్యలో ఆయనకు తీరిక దొరికినప్పుడు ఫోన్ చేస్తాడు. అప్పుడు ఈమె చేతులకు జీడి నూనె ఉంటుంది. ఆ నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. ఆ చేత్తో ఫోన్ ముట్టుకోకూడదు, ఫోన్ ముట్టుకున్న చేత్తో పప్పు ముట్టుకోకూడదు. అందుకని భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించి మాట్లాడేది. మెడ పట్టేసేది. ఒకరోజు ఫోన్ జారిపడి అద్దం పగిలింది.

తోటి వాళ్లు చెప్తే సంతలో వైరు లేని ఇయర్‌ఫోన్ కొంది. 250 రూపాయలు. దానికి డబ్బా లేదు. బిల్లు లేదు. ఇరవై రోజులు పలికింది. తర్వాత ఒక చెవి మూగపోయింది. ఇంకో పది రోజులకు రెండోదీ పోయింది. మళ్లీ సంతకు వెళ్తే అమ్మినవాడు కనబడలేదు.

ఇంట్లో అత్త ఊరుకుంటుందా? "నానప్పుడే సెప్పినాను కదే! తాడు నేని బాల్చీ నూతిలోంచి నీల్లు తెస్తాదేటి?" అంది.

అత్త ప్రశ్న మంచిదే. వైరు లేకుండా మాట ఎలా వస్తుంది?

రేడియో గుర్తు తెచ్చుకోండి. విశాఖపట్నం ఆకాశవాణిలో పాట వేస్తే మన ఇంట్లో రేడియో పాడుతుంది. మధ్యలో వైరు ఉందా? లేదు. మాట తరంగాలుగా మారి గాలిలో వస్తుంది. వైరు లేని ఇయర్‌ఫోన్ కూడా అలాంటిదే. కాకపోతే ఇక్కడ రేడియో స్టేషన్ మన ఫోనే. దాని బలం చాలా తక్కువ. సుమారు 10 మీటర్ల దూరం వరకే మాట పంపగలదు. మధ్యలో గోడ అడ్డొస్తే ఆ దూరం ఇంకా తగ్గుతుంది. ఫోన్ గూట్లో పెట్టి పెరట్లోకి వెళ్తే మాట తెగితెగి వస్తుంది. వస్తువు పాడైందని కంగారు పడక్కర్లేదు. ఫోన్ దగ్గరకు వస్తే సరిపోతుంది.

ఈ పద్ధతికి బ్లూటూత్ అని పేరు. అంటే నీలి పన్ను. వెయ్యేళ్ల కిందట డెన్మార్క్ దేశంలో ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ఆ మారుపేరు ఉంది. ఒక పన్ను పాడై నీలంగా కనబడేదట. విడివిడిగా ఉన్న జనాన్ని ఆయన కలిపాడని చెబుతారు. ఇది కూడా విడివిడి పరికరాలను కలుపుతుంది కదా, అందుకని ఆ పేరు పెట్టారు. స్వీడన్ దేశపు ఎరిక్సన్ కంపెనీలో 1994లో ఈ పని మొదలైంది. హెడ్‌ఫోన్ అయితే అంతకన్నా చాలా పాతది. 1910లో అమెరికాలో నథానియేల్ బాల్డ్‌విన్ అనే ఆయన తన వంటింట్లో హెడ్‌ఫోన్లు తయారుచేసి నౌకాదళానికి అమ్మాడు. వంటింట్లో పుట్టిన వస్తువు మళ్లీ వంటింటికే వచ్చింది!

ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంటే మెదడు పాడవుతుందని కొందరు భయపెడతారు. ఫోన్ నేరుగా చెవికి ఆనించుకున్నప్పటి కంటే బ్లూటూత్ తక్కువ బలంతో పనిచేస్తుంది. భయపడాల్సింది వేరే ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందు అసలు ఇది అవసరమా అని ఆలోచించాలి. కూర్చుని పాటలు వినడానికైతే వైరు ఉన్న ఇయర్‌ఫోన్ చాలు. ధర తక్కువ. చార్జింగ్ పెట్టే పని లేదు. మీ ఫోన్‌కు గుండ్రటి చిన్న కన్నం ఉంటే అదే కొనుక్కోండి. చేతులు పనిలో ఉండి మాట్లాడాల్సిన వాళ్లకు వైరు లేనిది ఉపయోగం. వైరు కత్తిపీటకు తగులుతుంది, కొంగుకు చుట్టుకుంటుంది. జీడి పనికి వెళ్లే కోడలికి వైరు లేనిదే కావాలి. బటన్ల ఫోన్ ఉన్నవాళ్లు మరొకటి చూసుకోవాలి. కొన్ని బటన్ల ఫోన్లలో బ్లూటూత్ ఉంటుంది, కొన్నింటిలో ఉండదు.

వీటిలో రకాలున్నాయి. ఒకటి మెడలో వేసుకునేది. దీన్ని నెక్‌బ్యాండ్ అంటారు. రెండోది చెవి గింజలు. బడ్స్ అంటారు. ఇవి రెండు విడి గింజలు, వాటికొక చిన్న డబ్బీ. మూడోది తల మీదుగా పెట్టుకునే పెద్దది. మన ఎండకు, మన చెమటకు ఆ పెద్దది పనికిరాదు.

గింజలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కాలేజీ పిల్లలు అవే అడుగుతారు. కానీ వంగి పని చేసేటప్పుడు జారిపోతాయి. ఒకటి నూతిలో పడితే రెండోదాన్ని ఏం చేసుకుంటాం? నెక్‌బ్యాండ్ చెవి నుంచి జారినా మెడలోనే ఉంటుంది. బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. పని చేసే ఆడవాళ్లకు నెక్‌బ్యాండే మేలు. అయితే పిండి మర దగ్గర, నూర్పు యంత్రం దగ్గర తీసి పక్కన పెట్టాలి. తిరిగే చక్రానికి మెడలోని వస్తువు చిక్కితే ప్రమాదం.

కోడలు ఈసారి సంతకు పోలేదు. కూతుర్ని తీసుకుని బజారులో పక్కా దుకాణానికి వెళ్లింది. దుకాణదారు నాలుగు డబ్బాలు ముందు పెట్టాడు. "ఇది తీసుకోండమ్మా, బాగా పోతోంది" అన్నాడు.

"ఉండు బాబూ, సదవనీ" అంది ఆమె.

డబ్బా వెనక చాలా రాసి ఉంటుంది. ఎక్కువ ఇంగ్లీషే. అయినా అంకెలు చదవడం వస్తే సగం పని అయినట్టే. ఇంగ్లీషు మాటలు కూతురు చదివింది. అంకెలు తల్లి చదివింది.

మొదట ధర చూసింది. డబ్బా మీద 2990 అని ఉంది. దుకాణదారు 899 అన్నాడు. "రెండు వేలు తగ్గించాం" అన్నాడు. ఇక్కడే చాలామంది మురిసిపోతారు. ఈ వస్తువుల మీద గరిష్ఠ ధర చాలా ఎక్కువగా వేస్తారు. ఆ ధరకు ఎవరూ కొనరు. ఎంత తగ్గించారు అని కాదు, పక్క దుకాణంలో ఎంతకు ఇస్తున్నారు అని చూడాలి. ఆమె పక్క దుకాణంలోనూ అడిగింది.

తర్వాత ఎన్ని గంటలు అన్నది చూసింది. ఒక డబ్బా మీద 20 గంటలు, ఇంకోదాని మీద 40 గంటలు ఉంది. రాసినన్ని గంటలు ఇంట్లో రావు. శబ్దం మధ్యస్థంగా పెట్టి కొలిచిన లెక్క అది. శబ్దం పెంచితే తగ్గుతుంది. ఎక్కువగా మాట్లాడినా తగ్గుతుంది. రోజూ రెండు గంటలు వాడే మనిషికి 20 గంటలది చాలు. 40 గంటలదానికి ఇంకో రెండు వందలు ఎందుకు? చార్జింగ్ కన్నం మాత్రం ఇంట్లో ఫోన్ చార్జర్‌కు సరిపోవాలి. లేకపోతే మరో వైరు కొనాలి.

చెమట సంగతి కూడా డబ్బా మీదే ఉంటుంది. ఐ, పి, ఎక్స్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒక అంకె కనబడతాయి. 4 అని ఉంటే చెమటకు, చిన్న తుంపర్లకు తట్టుకుంటుంది. నీళ్లలో ముంచమని కాదు. ఆ గుర్తే లేకపోతే ఉక్కపోత రోజుల్లో త్వరగా పాడవుతుంది.

'శబ్దం ఆపుతుంది' అని రాసిన డబ్బాల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. అందులో రెండు రకాలున్నాయి. ఎ.ఎన్.సి. అంటే బయటి శబ్దం మన చెవికి తగ్గిస్తుంది. ధర పెరుగుతుంది. ఇ.ఎన్.సి. అంటే మన చుట్టూ ఉన్న గోల అవతలి మనిషికి తగ్గిస్తుంది. కార్ఖానాలో మాట్లాడే ఆమెకు రెండోది కావాలి. దుకాణదారు మొదటిదే గొప్పగా చెప్పాడు. ఆమె ఏం చేసిందంటే, ఇయర్‌ఫోన్‌ను తన ఫోన్‌కు జత చేయమంది. బస్సులు వెళ్లే రోడ్డు మీద నిలబడి ఇంట్లో అత్తకు ఫోన్ చేసింది. "నా మాట తిన్నగా ఇనబడతందా?" అని అడిగింది. ఒకదానితో వినబడలేదు. ఇంకోదానితో వినబడింది. వంద మాటలు చదివినా ఈ పరీక్షకు సాటి రాదు.

ఇంకో గుర్తు ఉంది. భారత ప్రమాణాల సంస్థను బి.ఐ.ఎస్. అంటారు. వైరు లేని ఇయర్‌ఫోన్లకు ఆ సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి. నమోదైన వస్తువు మీద గానీ డబ్బా మీద గానీ ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం, ఒక గీత, 8 అంకెలు ఉంటాయి. బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. సంతలో కొన్నదానికి ఈ గుర్తు లేదు. చెవిలో పెట్టుకునేది, లోపల బ్యాటరీ ఉన్నది. గుర్తు లేనిది వద్దనుకోవడమే మంచిది.

చివరికి గ్యారంటీ. చాలావాటికి ఒక సంవత్సరం ఇస్తారు. కానీ పాడైతే ఎక్కడికి తీసుకెళ్లాలి? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. విశాఖపట్నం తీసుకెళ్లాలంటే బస్సు చార్జీలు, ఒకరోజు కూలి కలిపి కొత్తది కొన్నంత అవుతుంది. దుకాణంలోనే తీసుకుని పంపిస్తారా అని ముందే అడగాలి. ఆ మాట బిల్లు మీద రాయించుకోవాలి. బిల్లు మీద తేదీ, కంపెనీ పేరు, దుకాణం ముద్ర ఉండాలి. దుకాణదారు "బిల్లెందుకమ్మా, మేం ఎక్కడికీ పోం" అన్నాడు. "నువ్వు పోవు బాబూ, కాగితం ఉంటే నా దగ్గరుంటాది" అంది ఆమె. ఇచ్చాడు.

బిల్లు ఉండీ మార్చనంటే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు అక్కడ ఫీజు లేదు. ఫోన్‌లో ఆర్డరు పెట్టి తెప్పించుకునే వాళ్లు పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకుంటే మంచిది. ఎన్ని రోజుల్లో తిరిగి తీసుకుంటారో ముందే చూసుకోవాలి.

ఇప్పుడు భయపడాల్సిన సంగతి. చెవి లోపల సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. మాట వినిపించేది వాటివల్లే. పెద్ద శబ్దానికి అవి చచ్చిపోతాయి. చేలో గడ్డి కోస్తే మళ్లీ మొలుస్తుంది. ఇవి మొలవవు. పండగ మైకు పక్కన రాత్రంతా ఉంటే తెల్లారి చెవి గింగురుమంటుంది కదా, అది ఆ కణాల మొర. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లెక్క చెప్పింది. పెద్దవాళ్లు 80 డెసిబెల్ శబ్దం వారానికి 40 గంటలకు మించి వినకూడదు. పిల్లలకైతే 75 డెసిబెల్. ఇంట్లో డెసిబెల్ కొలవలేం. ఫోన్‌లో శబ్దం గీత సగం దాటి కొంచెం వరకే ఉంచాలి. చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్న మనిషి మామూలుగా మాట్లాడితే వినబడాలి. వినబడకపోతే శబ్దం ఎక్కువైనట్టే.

చెవిలో పెట్టే రబ్బరు ముక్కలు మూడు సైజులు ఇస్తారు. సరిపోయేది పెట్టుకోవాలి. వదులైతే శబ్దం పెంచాలనిపిస్తుంది. రోజూ పొడి గుడ్డతో తుడవాలి. ఒకరిది ఇంకొకరు పెట్టుకోకపోవడం మంచిది. చెవి నొప్పి, చీము ఉంటే మానేసి డాక్టరుకు చూపించాలి. కాచిన నూనె పోయకూడదు.

దారిలో నడిచేటప్పుడు రెండు చెవులూ మూయకూడదు. పలాస మీదుగా హౌరా - చెన్నై రైలు మార్గం ఉంది. పట్టాలు దాటి పనికి వెళ్లేవాళ్లు ఎందరో. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ జిల్లాలో కాపలా లేని గేటు దగ్గర బడి వ్యానును రైలు గుద్దింది. 13 మంది పిల్లలు చనిపోయారు. డ్రైవరు చెవిలో ఇయర్‌ఫోన్లు ఉన్నాయని అధికారులు అప్పుడు చెప్పారు. ఉద్దానంలో అయితే ఇంకో భయం కూడా ఉంది. జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి మనుషుల మీద పడింది. ప్రాణం కూడా పోయింది. ఆకు గలగలమంటే వినబడాలి. తోటలో రెండు చెవులూ ఖాళీగా ఉండాలి.

కోడలు కొన్నది నెక్‌బ్యాండ్. 20 గంటలది. చివరికి 799 రూపాయలకు ఇచ్చాడు. బిల్లు మడిచి రేషన్ కార్డు కవరులో పెట్టింది.

ఆ రాత్రి భర్త ఫోన్ చేశాడు. అత్త చెవిలో పెట్టింది. అత్త ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. తర్వాత గట్టిగా అంది.

"ఓరి, అరవకురా! పక్కనున్నట్టే ఇనబడతన్నాది. తిన్నావా?"

ఆ పూట కోడలికి అది తిరిగి చేతికి రాలేదు.