తాకలేని అంగడిలో కొలువు బొమ్మ

చేతిపనికి చేతి సాక్ష్యము కరవైన వేళ ఛాయాచిత్రము మోయవలసిన బాధ్యత

సంక్రాంతి కొలువునకు బొమ్మ కొనవచ్చిన మన అమ్మమ్మలు అంగడిలో మొదట చేసెడి పని చూచుట కాదు, చేతికి తీసికొనుట. అరచేత బరువు నంచనా వేసి, బొటనవ్రేలితో అంచు తడిమి, తిరగవేసి అడుగుభాగమును పరికించి, ఆ పిమ్మటనే బేరమునకు దిగెడివారు. నేడదే బొమ్మ హైదరాబాదు అపార్ట్‌మెంటునకో, డల్లాసులోని తెలుగువారి యింటికో సెల్‌ఫోను తెరమీదుగా తరలిపోవుచున్నది. తెరపై దానిని చూడవచ్చునే గాని తాకరాదు. కనుక ఆ వ్రేళ్లకు తెలియవలసినదంతయు ఛాయాచిత్రమే తెలుపవలసి యున్నది.

రెండు మేనులు, రెండు వెలుగులు

కొండపల్లి శిల్పి తేలికయైన తెల్లపొణికి కర్రను చెక్కి, అవయవములను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, ఆరిన పిదప కుంచెతో వన్నెలు దిద్దును. వరాహనదీ తీరమందలి ఏటికొప్పాకలోనో, అంకుడు కర్ర లేత్‌పై గిరగిర తిరుగుచుండగా రంగు కలిపిన లక్కకడ్డీ నొత్తినంతనే రాపిడివేడికి లక్క కరిగి కర్ర నంటుకొనును; మొగలియాకుతో రుద్దగా నిగారింపు తేరును. పుట్టుకయందలి ఈ భేదమే చిత్రము తీయు పద్ధతియందును భేదమును కోరుచున్నది.

నీటిరంగుల కొండపల్లి బొమ్మ వెలుగును ఇంకించుకొనును; ఆ వెలుగు ఒక ప్రక్కనుండి సోకిననే ఎడ్లబండి చక్రపు ఆకులును, వడ్లు దంచు పడతి చీరమడతలును నీడలతో విడివడి కనబడును, ఎదుటినుండి సోకినచో బల్లపరుపై పోవును. లక్కబొమ్మ అద్దము వంటిది: ఫ్లాష్ వెలిగించితిమా, దాని పొట్టపై తెల్లని మచ్చ పడి వన్నెను మ్రింగివేయును. ఎండ నేరుగా పడని కిటికీకి ఉతికిన తెల్లపంచె కట్టి, ఎదురుగా థర్మాకోల్ పలకను నిలిపి, నడుమ బొమ్మ నుంచినచో ఆ మచ్చ పలుచనై మృదువైన మెరుపుగా మారును. గదిలోని పచ్చని బల్బును మాత్రము ఆర్పవలెను. రెండు వెలుగులు కలిసినచో తెలుపు తెలుపుగా నిలువదు.

వన్నె తప్పరాదు

ఒకమారు నేను తెరపై చూచి లక్కపిడతలు తెప్పించుకొంటిని. చిత్రమున అవి దానిమ్మపూవు వలె మండుచుండెను; పెట్టె విప్పగా లోన నున్నవి ఇటుకవన్నెవి. మోసపోతినని తోచినది, కాని పగటివెలుగున చేతబట్టి చూడగా ఆ ఇటుకవన్నెయే ఎంతో చల్లగా, నిండుగా నుండెను. లోపము బొమ్మది కాదు, ఫోనులో రంగును హెచ్చించిన వ్రేలిది. విత్తులు, బెరళ్లు, వేళ్లు, ఆకులనుండి రంగు తీయు విద్యను ఏటికొప్పాకలో పునరుద్ధరించుటకు సి.వి. రాజు గారు ఎంతయో శ్రమించిరి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపును, ఆయనకు 2023లో పద్మశ్రీయు లభించినవి. అట్టి వన్నెను రసాయనపు రంగువలె చూపుట ఆ సాధనను చెరిపివేయుటయే.

అడుగుభాగమును చూపవలెను

పరిమాణమును అంగుళములలో వ్రాసినంతమాత్రమున మనస్సున కందదు. అంబారీ ఏనుగును అరచేత నిలిపి తీసిన చిత్రము తక్షణమే చెప్పును. ముందు వెనుకలతో బాటు మక్కు అతుకును, రంగు పూయని అడుగును దగ్గరగా చూపవలెను. ఫోనును బొమ్మ ముఖమున కానించి తీసినచో తొండము పెరిగి కాళ్లు కుంచించుకొనును. రెండడుగులు వెనుకకు జరిగి, జూమ్ చేసి, బొమ్మ కంటి యెత్తుననే తీయుట ఉచితము. కుంచె గీతలో బొమ్మకును బొమ్మకును వెంట్రుకవాసి తేడా యుండుట చేతిపని లక్షణమని క్రింద వ్రాయుటకు సంకోచింపరాదు.

ఈ పని దసరా నాటికే ముగియవలెను. ధనుర్మాసపు మంచు ఉదయములలో వెలుగు ఆలస్యముగా వచ్చును, సముద్రము దాటు పెట్టెకు వారములు పట్టవచ్చును. భోగినాడు దూరదేశమున ఏ తల్లియో ఆ పెట్టె విప్పి, కొలువు మెట్లపై నిలుపుటకు ముందు, తన అమ్మమ్మ వలెనే బొమ్మను తిరగవేసి చూచును. అప్పుడామెకు కనబడునది, తెరపై మునుపే కనబడినదై యుండవలెను.