స్మార్ట్ స్పీకరుకు వైఫై నెట్‌వర్కు ఎంపిక

స్మార్ట్ స్పీకరు అనగా నోటిమాటతో ఇచ్చిన ఆదేశాన్ని గ్రహించి, అంతర్జాలం ద్వారా సమాధానం తెచ్చి వినిపించే పరికరం. అమెజాన్ ఎకో, గూగుల్ నెస్ట్ మినీ, ఆపిల్ హోమ్‌పాడ్ మినీ ఈ కోవకు చెందినవి. పాటలు వినిపించడం, వార్తలు చెప్పడం, మందులు వేసుకొనే వేళను గుర్తుచేయడం వంటి పనులన్నిటికీ వీటికి ఇంటిలోని వైఫై నెట్‌వర్కే ఆధారం. ఒకే ఇంటిలో రెండు మూడు నెట్‌వర్కులు ఉన్నప్పుడు వాటిలో ఏది మంచిదో ఈ పరికరం తనంతట తాను తేల్చుకోలేదు. ఇంటివారు చూపించిన నెట్‌వర్కునే పట్టుకొని ఉంటుంది. కనుక దేనిని చూపించాలి, దానిని ఎప్పుడు, ఎలా మార్చాలి అన్నది వాడేవారు తెలుసుకొని ఉండవలసిన విషయం.

నేపథ్యం

వైఫైకి మూలమైన 802.11 ప్రమాణాన్ని ఐఇఇఇ సంస్థ 1997లో వెలువరించింది. వైఫై అన్న పేరు 1999లో వాడుకలోకి వచ్చింది. భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ శక్తితో లైసెన్సు లేకుండా వాడుకొనడానికి 2005లో నియమాలు వచ్చాయి. 5 గిగాహెర్ట్జ్ శ్రేణిలో 605 మెగాహెర్ట్జ్ మేరకు 2018లో ఇటువంటి మినహాయింపు లభించింది. ఇక స్పీకర్ల విషయానికి వస్తే, అమెజాన్ ఎకో అమెరికాలో 2014లోను, భారతదేశంలో 2017లోను విడుదలైంది. గూగుల్ హోమ్ అమెరికాలో 2016లో, ఇక్కడ 2018లో వచ్చింది. ఆపిల్ సంస్థ తన మొదటి హోమ్‌పాడ్‌ను 2018లో విడుదల చేసింది.

ఫోనుకు, స్పీకరుకు గల భేదం

ఫోనుకు తెర ఉన్నది. చుట్టుపక్కల ఉన్న నెట్‌వర్కుల పేర్లన్నీ దానిపై కనిపిస్తాయి. కావలసిన పేరును తాకి, పాస్‌వర్డు కొడితే చాలు. చాలా స్మార్ట్ స్పీకర్లకు తెర లేదు, అక్షరాలు కొట్టే మీటలు లేవు. అందువలన నెట్‌వర్కు పేరును, పాస్‌వర్డును దానికి మరొకరు అందించవలసి ఉంటుంది. ఆ పని ఫోనులోని యాప్ చేస్తుంది. అమర్చే సమయంలో స్పీకరు బ్లూటూత్ ద్వారా గాని, కొద్ది నిమిషాలపాటు తానే ఒక చిన్న వైఫై నెట్‌వర్కును సృష్టించుకొని గాని ఫోనుతో మాట్లాడుతుంది. ఫోను నుండి వచ్చిన వివరాలను తన జ్ఞాపకంలో భద్రపరచుకొంటుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు స్పీకరు మళ్ళీ ఆ పేరునే వెదకుతుంది. పక్కగదిలో అంతకన్నా వేగవంతమైన నెట్‌వర్కు ఉన్నా అది దానికి అపరిచితమే. పాత నెట్‌వర్కు కనిపించకపోతే తప్పు ఎక్కడ ఉన్నదో వివరంగా చెప్పలేదు. అంతర్జాలానికి కలవలేకపోతున్నానని మాత్రం చెబుతుంది, లేదా దీపం రంగు మార్చి ఊరుకొంటుంది. ముందుగా పెట్టిన అలారములను కొన్ని పరికరాలు నెట్ లేకున్నా మోగిస్తాయి గాని, కొత్తగా అడిగిన ప్రశ్నకు జవాబు రాదు. పరికరం చెడిపోయిందని జనం అనుకొనేది చాలావరకు ఇటువంటప్పుడే.

ఒకే ఇంటిలో పలు నెట్‌వర్కులు

చాలా రూటర్లు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు శ్రేణులలో పనిచేస్తాయి. కాంతివేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే మొదటిదాని తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు, రెండవదానిది సుమారు 6 సెంటీమీటర్లు అని తెలుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను, కాంక్రీటు శ్లాబును దాటి కొంత మెరుగుగా ప్రయాణిస్తాయి. అయితే బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ ఓవెన్, ఇరుగుపొరుగు రూటర్లు కూడ అదే శ్రేణిలో ఉండటం వలన అక్కడ రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, కాని గోడ అడ్డువస్తే త్వరగా బలహీనపడుతుంది. మాటకు, పాటకు పెద్ద వేగం అవసరం లేదు. కాబట్టి రూటరుకు దూరంగా, వంటింటిలోనో పెరటివైపు గదిలోనో ఉంచే స్పీకరుకు 2.4 గిగాహెర్ట్జ్ తగినది. మైక్రోవేవ్ పక్కన మాత్రం పెట్టరాదు.

ఈ రెండు శ్రేణులకు వేర్వేరు పేర్లు పెట్టుకొన్న ఇళ్ళలో ఒక సందేహం తరచు వస్తుంది. ఫోను ఒక పేరు మీద, స్పీకరు మరొక పేరు మీద ఉంటే అవి ఒకదానినొకటి గుర్తించవేమో అన్నది ఆ సందేహం. సాధారణంగా గుర్తిస్తాయి. పేర్లు రెండైనా రూటరు ఒక్కటే, దాని వెనుక ఉన్న స్థానిక నెట్‌వర్కు కూడ ఒక్కటే.

అసలు చిక్కు రూటర్లు రెండు ఉన్నప్పుడు వస్తుంది. ఫైబరు కనెక్షను ఇచ్చిన సంస్థ అమర్చిన పెట్టెలోనే వైఫై ఉంటుంది. దాని బలం చాలక ఇంటివారు మరొక రూటరు కొని దానికి తగిలిస్తారు. ఇప్పుడు ఇంటిలో నిజంగానే రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఏర్పడతాయి. ఫోను, స్పీకరు ఒకే నెట్‌వర్కులో ఉన్నవా అని తెలుసుకొనడానికి అవి మల్టీకాస్ట్ డిఎన్ఎస్ అనే పద్ధతిలో పరస్పరం కేకవేసుకొంటాయి. ఆ కేక రూటరును దాటి అవతలకు వెళ్ళదు. అందుచేత ఫోను ఒక రూటరుకు, స్పీకరు రెండవదానికి కలిసి ఉంటే, రెండింటికీ అంతర్జాలం చక్కగా అందుతున్నా, ఫోను నుండి స్పీకరుకు పాట పంపడం కుదరకపోవచ్చు. దీనికి నివారణ రెండు విధాలు. మొదటి పెట్టెలో వైఫైని ఆపివేసి ఉపకరణాలన్నిటినీ రెండవ రూటరుకే కలపడం ఒకటి. రెండవ రూటరును యాక్సెస్ పాయింట్ పద్ధతికి మార్చడం మరొకటి. రెండవ మార్గమే మేలు, ఎందుకంటే అప్పుడు రెండు పెట్టెల వైఫై పనిచేస్తూనే నెట్‌వర్కు ఒకటిగా ఉంటుంది.

మెష్ పద్ధతిలో అమర్చిన ఇళ్ళలో పేరు ఒక్కటే, పెట్టెలు రెండు మూడు ఉంటాయి. వీటిలో దేనికి అతుక్కోవాలన్న తుది నిర్ణయం 802.11 ప్రమాణం ప్రకారం రూటరుది కాదు, ఉపకరణానిది. స్పీకరు ఒక్కొక్కప్పుడు దగ్గరి పెట్టెను వదలి దూరపు పెట్టెనే పట్టుకొని కూర్చుంటుంది. ప్లగ్గు తీసి, కొద్దిసేపు ఆగి పెడితే అది మళ్ళీ వెదకుకొని చాలాసార్లు దగ్గరి దానికి చేరుతుంది.

ఫోను హాట్‌స్పాటుకు స్పీకరును కలపడం సాధ్యమే. కాని ఆ ఫోను గలవారు గడప దాటగానే స్పీకరు మూగబోతుంది.

నెట్‌వర్కు మార్చే విధానం

యాప్‌లలోని మీటల పేర్లు మారుతూ ఉంటాయి గాని పద్ధతి మారదు. అమెజాన్ ఎకో విషయంలో అలెక్సా యాప్‌లో ఆ స్పీకరును ఎంచుకొని, దాని సెట్టింగ్స్‌లో వైఫై నెట్‌వర్క్ ఎదురుగా ఉన్న చేంజ్ అనే మీటను నొక్కాలి. స్పీకరు మీది యాక్షన్ బటనును నొక్కి పట్టుకొంటే దీపం నారింజ రంగుకు మారుతుంది. అది అమరికకు సిద్ధమైనదని గుర్తు. పాస్‌వర్డును అమెజాన్ ఖాతాలో దాచుకొనే సదుపాయం కూడ ఉన్నది. దీనివలన రెండవ స్పీకరు కొన్నప్పుడు శ్రమ తగ్గుతుంది. ఇంటి తాళం వివరం ఒక సంస్థ వద్ద ఉంచడం ఇష్టం లేనివారు దీనిని వాడకుండా ఉండవచ్చు.

గూగుల్ స్పీకర్లలో నెట్‌వర్కును నేరుగా మార్చే వీలు లేదు. గూగుల్ హోమ్ యాప్‌లో పరికరపు సెట్టింగ్స్‌కు వెళ్ళి, పాత నెట్‌వర్కును ఫర్గెట్ అనే మీటతో మరపించి, ఆపై కొత్తదానితో మొదటినుండి అమర్చాలి. ఈ పని పాత నెట్‌వర్కు బ్రతికి ఉండగానే చేయడం మంచిది. అది ముందే పోయి ఉంటే చాలాసార్లు ఫ్యాక్టరీ రీసెట్ చేయవలసి వస్తుంది. నెస్ట్ మినీలో ఇందుకు పక్కనున్న మైకు మీటను ఆపివేసి, పైభాగం మధ్యలో శబ్దం వినిపించేవరకు వేలితో నొక్కి ఉంచాలి.

హోమ్‌పాడ్ దారి వేరు. అది ఐఫోనును అనుసరిస్తుంది. ముందు ఐఫోనును కొత్త నెట్‌వర్కుకు కలిపి, హోమ్ యాప్‌లో హోమ్‌పాడ్ సెట్టింగ్స్ తెరిస్తే, దానిని కూడ ఆ నెట్‌వర్కుకు తరలించే మీట కనిపిస్తుంది.

రూటరు మారినప్పుడు

కొత్త రూటరుకు పాత పేరు, పాత పాస్‌వర్డు ఉన్నవి ఉన్నట్లుగా పెట్టడం ఆచరణలో సులువైన ఉపాయం. స్పీకరు గుర్తుపట్టేది పెట్టెను కాదు, పేరును, పాస్‌వర్డును. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, ఖాళీలు అన్నీ యథాతథంగా ఉంటే స్పీకర్లు, వైఫై బల్బులు తమంతట తామే కలుస్తాయి. కొత్త రూటరులో డబ్ల్యుపిఎ3 రక్షణ ఒక్కటే ఉంచితే పాత పరికరాలు కలవకపోవచ్చు. డబ్ల్యుపిఎ2 కూడ అనుమతించే మిశ్రమ పద్ధతి ఎంచుకోవాలి. పాత పాస్‌వర్డు ఇప్పటికే పదిమందికి తెలిసిపోయి ఉంటే ఈ ఉపాయం పనికిరాదు. అప్పుడు శ్రమ అయినా కొత్తది పెట్టుకొనడమే తగినది.

నెట్‌వర్కుకు తెలుగులో పేరు పెట్టదలచినవారు ఒక పరిమితిని గమనించాలి. పేరుకు 32 బైట్ల వరకే చోటు ఉన్నది. యూనికోడ్ యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు 3 బైట్లు పడతాయి. రామాలయం వీధి అన్న చిన్న పేరుకే, మధ్యలోని ఖాళీతో కలిపి, 34 బైట్లు కావాలి. రెండు బైట్లు చాలక అది పట్టదు. రోమను లిపిలో అదే పేరు సులువుగా సరిపోతుంది.

భద్రత

గూగుల్ స్పీకరు ఉన్న నెట్‌వర్కులోకి ప్రవేశం ఉన్నవారు ఎవరైనా సాధారణంగా దానికి పాట పంపగలరు. అదే నెట్‌వర్కులోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పాటను ఆపే మీటలు కూడ కనిపించవచ్చు. మేడమీద అద్దెకున్నవారికి, వచ్చిపోయే చుట్టాలకు ఇంటి పాస్‌వర్డు ఇచ్చినప్పుడు ఈ సంగతి చాలామందికి తట్టదు. రూటరులో అతిథుల కోసం వేరే నెట్‌వర్కు తెరచి వారికి దానిని ఇవ్వడం సరైన పద్ధతి. స్పీకరును అతిథి నెట్‌వర్కులో పెట్టడం కూడ కొందరు చేస్తారు. అందులోని ఉపకరణాలను రూటరు ఒకదానినుండి ఒకటి వేరుచేసి ఉంచుతుంది కనుక స్పీకరు మాట వింటుంది గాని, ఫోను నుండి పంపిన పాటను అందుకోలేదు. వెబ్ పేజీలో పేరు, గది సంఖ్య నింపవలసిన హాస్టలు, హోటలు వైఫైలలో చాలా స్పీకర్లు అసలు కలవవు.

స్పీకరును అమ్మేటప్పుడు, ఇతరులకు ఇచ్చేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, యాప్‌లో ఖాతా నుండి కూడ తొలగించాలి.

దూరాన ఉన్న కుటుంబాలు

అమెరికా వంటి దేశాలలో స్థిరపడిన తెలుగువారు సెలవులకు వచ్చినప్పుడు తల్లిదండ్రుల ఇంటిలో ఇటువంటి స్పీకరు అమర్చి వెళ్ళడం కద్దు. మందుల వేళలు, ఫోను పిలుపులు దానిమీదనే నడుస్తాయి. ఖాతా పిల్లల పేరున ఉండటం వలన దూరం నుండే సెట్టింగ్స్ కొన్ని మార్చవచ్చు. నెట్‌వర్కును మాత్రం మార్చలేరు. బ్లూటూత్ అందేటంత దగ్గరలో, ఆ ఖాతా తెరచి ఉన్న ఫోను కావలసిందే. కనెక్షను సంస్థ మనిషి వచ్చి పెట్టె మార్చి, కొత్త పాస్‌వర్డు చెప్పి వెళ్ళిన రోజున పెద్దలకు స్పీకరు మూగబోవడం మాత్రమే తెలుస్తుంది.

ఇటువంటి ఇళ్ళలో ప్రయాణానికి ముందే మూడు ఏర్పాట్లు చేయడం ఉచితం. ఇంటిలో ఉండే ఒక ఫోనులో అవసరమైన యాప్‌ను అదే ఖాతాతో గాని, కుటుంబ సభ్యుడిగా చేర్చిన ఖాతాతో గాని తెరచి ఉంచాలి. నెట్‌వర్కు పేరును, పాస్‌వర్డును అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద వ్రాసి, బీరువాలో ముఖ్యమైన కాగితాలతో ఉంచాలి. పెట్టె మార్చడానికి వచ్చిన మనిషికి ఆ కాగితం చూపి పాత పేరు, పాత పాస్‌వర్డు పెట్టమని అడగాలని పెద్దలకు చెప్పాలి. ఆ మార్పు రూటరు సెట్టింగ్స్‌లో కొద్ది నిమిషాల పని. ప్రాణావసరమైన మందుల వేళలకు మాత్రం స్పీకరుతో పాటు మామూలు అలారం గడియారాన్ని కూడ ఉంచుకోవాలి.